మూడూ నావే

ఈ వానల మొదట్లో మా పైడిరాజన్న పోయాడు. పెదనాన్న కొడుకు. నాకంటే కొద్దిగా పెద్ద. ఒకే రేకుల కప్పు కింద పెరిగినవాళ్ళం. పెద్దకర్మ నాడు మా దీవిలోని గోల్ ఘర్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కింద దుకాణాలు, పైన వాటాలు, ముందు వేసిన షామియానా మీద ఆగని వాన. ఫొటోలో అన్న తెల్లచొక్కాలో, బరువెక్కిన మొహంతో, సైటు మీద మేస్త్రీ చెప్పే సాకు వింటున్నట్టు ఉన్నాడు. భోజనాల దగ్గర మా చుట్టాల్లో ఒకాయన, అన్నతో పాటు కాంట్రాక్టుల్లో తిరిగినవాడు, అందరికీ వినపడేలా అన్నాడు: "మా పైడిరాజు భయ్యా ఒక్క పనే పట్టుకున్నాడు. ఇంకో ధ్యాసే లేదు. అందుకే ఇంత ఎదిగాడు. కుచ్ లోగ్ ఉంటారు చూడండి, ఇది కొంచెం, అది కొంచెం, ఏదీ పూర్తిగా ఉండదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు నా మీదున్నాయి. మా కుటుంబంలో ఆ 'కొందరు' అంటే నేనే అని అందరికీ తెలుసు.

చేతిలో విస్తరి ఉంది కాబట్టి ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "అన్న ఒక్క పనే పట్టుకోలేదు బాబూ, మిగతావన్నీ అతని చేతిలోంచి లాగేశారు. అన్న పాడేవాడు. అతను పాడుతుంటే ఈ వీధి వీధంతా ఆగిపోయేది," అన్నాను.  వడ్డిస్తున్న అన్న కొడుకు శీను సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నాన్న పాడేవాడా అత్తా?" అన్నాడు. నలభై దాటిన కొడుక్కి తండ్రి పాడేవాడని తెలియదు. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. అన్న గురించి రాయాలంటే నా గురించీ రాయాలి. నా కాలేజీ రోజుల్లో మా ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగారు. ఇద్దరం వేరువేరు జవాబులు చెప్పాం.

అప్పటి గోల్ ఘర్ ఇల్లు చెక్క ఇల్లు. మధ్యలో ఒకే వసారా, దానికి అటు పెదనాన్న వాళ్ళు, ఇటు మేము. వాన పడితే రేకుల చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడేది కాదు, అందుకని మా ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడే అలవాటు. నాన్న ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకు తిరిగే బోటు నడిపే సారంగు. డ్యూటీ దిగి వస్తే ఆయనకంటే ముందు డీజిలు, తడిసిన తాళ్ళ వాసన ఇంట్లోకి వచ్చేది. నాన్నమ్మ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినప్పుడు రెండు అలవాట్లు తెచ్చుకుంది. ఒకటి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట. రెండోది, ఎవరు ఏం చెప్పినా "అయితే?" అని అడగడం. అమ్మ వంటింట్లో ఎండుచేపల పులుసు, కొబ్బరినూనె, తడి కట్టెల పొగ, అన్నీ కలిసి ఒక వాసన. ఇప్పటికీ ఏ ఇంటి ముందు నుంచి వెళ్తున్నా అది తగిలితే నా నడక నెమ్మదిస్తుంది.

ఓడ వచ్చిన రోజు మాకు పండగ. కూరగాయలూ ఉల్లిపాయలూ వచ్చాయని మిగతావాళ్ళ సంబరం. నాకూ అమ్మకూ మాత్రం తెలుగు వారపత్రికల కట్ట. ఆలస్యంగా, ఒక్కసారే బోలెడన్ని వచ్చేవి. మిగతా దేశం వారం వారం ఎదురుచూసి చదివిన సీరియల్ని మేము ఒక్క మధ్యాహ్నంలో నమిలేసేవాళ్ళం. అమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది. కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ చదివేది. బడిలో నాది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు నాకు నేర్పింది ఆ కట్టలూ అమ్మ పెదవులే.

పెరట్లో ఒక మూల నాన్న ఇసక పోయించి చదును చేయించాడు. అది మా తాలింఖానా. సాము నేర్చుకునే చోటుని శ్రీకాకుళం వైపు అలాగే అంటారు. నాన్న, పెదనాన్న ఇద్దరూ చిన్నప్పుడు ఆ ఊళ్ళోనే తమ తండ్రి దగ్గర కర్ర పట్టినవాళ్ళు. పెదనాన్న కాంట్రాక్టుల్లోకి వెళ్ళాక మానేశాడు. నాన్న మానలేదు. మా దీవుల్లో పొద్దు దేశంలో చాలాచోట్ల కంటే ముందు పొడుస్తుంది. ఇంకా ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగకముందే పెరడంతా తెల్లగా వెలుతురు. ఆ వెలుతుర్లో వీధి కుర్రాళ్ళు కొందరు, పైడిరాజన్న, నేను దండీలూ బస్కీలూ తీసి, తరవాత కర్ర పట్టేవాళ్ళం. "ఆడపిల్లకి కర్రసాము ఎందుకురా?" అని ఎవరన్నా అడిగితే నాన్న పెద్ద కారణాలేవీ చెప్పేవాడు కాదు. "దానికి నచ్చింది," అనేవాడు. నాకు ఆ జవాబు ఇప్పటికీ చాలా ఇష్టం.

పైడిరాజన్న కర్ర తిప్పితే గాలి కోసుకుపోయిన చప్పుడు వచ్చేది. కానీ అతను అసలు అతనయ్యేది వీధి కుళాయి దగ్గర. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. బిందెలూ డబ్బాలూ వరసలో పెట్టుకుని బెంగాలీ, తమిళం, హిందీ, తెలుగు అన్నీ కలిపి తగువులాడుకునేవారు. అన్న తన బిందె పెట్టి, గోడకి ఆనుకుని, మా అమ్మ పాడే జాలరి పాటేదో అందుకునేవాడు. నెమ్మదిగా తగువు ఆగేది. ఎవరి బిందె నిండి పొర్లుతున్నా చూసుకునేవారు కాదు. మాట ఒక్క ముక్క అర్థంకాని బెంగాలీ ముసలావిడ ఒకామె "ఔర్ ఏక్, బేటా" అని ఇంకో పాట అడిగేది. అన్న ఎక్కడో పాత హార్మోనియం సంపాదించాడు. రెండు మెట్లు పలికేవి కావు. పలకని స్వరాలు గొంతుతో నింపేవాడు.

నాకు కాలేజీలో ఆఖరి సంవత్సరం వచ్చింది. పొద్దున్న కర్ర, పగలు కాలేజీ, సాయంత్రం వసారాలో కూర్చుని నాటకం. తెలుగువాళ్ళ సంఘం వార్షికోత్సవానికి నేను రాస్తున్న మొదటి నాటకం అది. భర్త పోయాక అతని చిన్న పడవ, డింగీని, తనే నడుపుకునే ఒక జెట్టీ ఆడమనిషి కథ. రేవులో మగవాళ్ళు ఆమెను వెళ్ళగొట్టాలని చూస్తారు. ఆమె కర్ర పట్టి నిలబడుతుంది. ఆ వేషం నేనే వేయాలని, తెర వెనక పాట పైడిరాజన్న పాడాలని మేమిద్దరం అనుకున్నాం. నేను ఆ రోజుల్లో ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పడం కష్టం. అలసిపోయేదాన్ని, నిజమే. కానీ పొద్దున్న ఒళ్ళు విరిగేలా కర్ర తిప్పినరోజే పాఠం బుర్రకి ఎక్కేది. పాఠం ఎక్కినరోజే నాటకంలో మనుషులు మాట్లాడేవాళ్ళు. ఒకటి మానేస్తే ఇంకొకటి బాగుపడుతుందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అనిపించిందల్లా పక్కవాళ్ళకే. మా లెక్చరరు ఒకాయన నా అరచేతుల్లో కాయలు చూసి, పుస్తకం పట్టే చేతులా ఇవి అన్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, ఈ భుజాలు చూసి ఎవడు చేసుకుంటాడే అన్నారు. నాన్నమ్మ చుట్ట తిప్పి "అయితే?" అంది.

పెదనాన్న చెడ్డవాడు కాదు. ఒట్టి చేతులతో ఓడ దిగి, రాళ్ళు మోసి, పైకి వచ్చినవాడు. మనిషికి ఉన్న శక్తంతా ఒకే చోట పోస్తేనే గట్టున పడతాడని ఆయన నమ్మకం. అది ఆయన బతుకు ఆయనకి నేర్పింది. ముందు కొడుకు మీద పడ్డాడు. ఒక రోజు అన్న ఇంటికి వచ్చేసరికి హార్మోనియం లేదు. పెదనాన్న ఎవరికో ఇచ్చేశాడు. మర్నాటి నుంచి సైటుకు రమ్మన్నాడు. అన్న వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ వారమే, నాన్న నికోబార్ వైపు డ్యూటీలో ఉండగా, పెదనాన్న నన్ను వసారాలోకి పిలిచాడు.

"సూడమ్మా రత్నం, ఒకటి సెప్తాను ఇను. సదువుకుంతాన్నావు, సంతోషం. డిగ్రీ తెచ్చుకో, టీచరమ్మవవు. ఆ కర్ర మూల పడెయ్యి. ఆ నాటకాలూ ఆపెయ్యి. ఏక్ కామ్ కరో, ఠీక్ సే కరో. మూడిట్లో నీకేటి కావాలో తేల్చుకో."

"మూడూ కావాలి పెదనాన్నా."

"మూడూ ఎవుడికీ రావు."

"రాకపోతే పోనీ. మూడూ నావే. ఒకటి తీసేస్తే మిగిలింది నేను కాదు."

ఆయన నవ్వాడు, కోపంగా కాదు, జాలిగా. ఆ జాలి నాకు ఎక్కువ మండింది. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి వింటోంది. బావగారి ఎదుట ఆమె ఎప్పుడూ నోరెత్తేది కాదు. ఆ రోజూ ఎత్తలేదు. కానీ కొంచెంసేపయ్యాక తుంచమని కొత్తిమీర కట్టా, దాని కింద ఓడలో వచ్చిన కాగితాల కట్టా నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. తెల్లకాగితాలు, నాటకం పూర్తి చెయ్యడానికి.

ఆ ఆదివారం పెరట్లో సాధన మామూలుగానే మొదలైంది. నాన్న ఇంకా రాలేదు. చాలా రోజుల తరవాత పెదనాన్న వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నేనూ అన్నా జత కట్టాం. సాధనలో ఒక కట్టుబాటు ఉంది. దెబ్బ ఎంత వేగంగా వచ్చినా ఒంటికి తగలకముందే ఆపాలి. అది నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం. అన్న కర్ర తల మీదికి వచ్చింది, అడ్డం పెట్టాను. పక్కనుంచి వచ్చింది, కాచుకున్నాను. మూడోసారి అతని కర్ర నా కర్ర మీదుగా జారుతూ పిడికిలి వైపు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు. చూపుడు వేలు విరిగిన చప్పుడు నేను నొప్పికంటే ముందు విన్నాను. నా కర్ర ఇసకలో పడింది. కుడిచెయ్యి. పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి. పెదనాన్న లేచి దుమ్ము దులుపుకుని, "ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అన్నాడు. 

కట్టుతో ఇంటికి వచ్చాను. సాయంత్రం అన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"జారలేదే రత్నం. నానే ఏసాను. నాన్న సెప్పాడు. ఒక్కసారి దెబ్బ తగిలితే అదే మానేస్తాది, దాని మంచికే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏటీ అన్లేదు. నాకు అనడం రాదు." గడప మీది ఇసక కాలితో తుడిచాడు. 

నాకు ఏడుపు వచ్చింది. వేలు కోసం కాదు. నా కంటే రెండింతలు బలం ఉన్నవాడు, కండలన్నీ ఉండీ, తండ్రి ముందు ఒక్క 'వద్దు' అనే బలం లేకుండా నిలబడ్డాడే అని. "వేలు అతుక్కుంటుంది అన్నా. అతుక్కోగానే ఇసకలోకి వస్తాను. నువ్వు రా. కుళాయి దగ్గర పాట కూడా మానకు. హార్మోనియం పోతే పోయింది, నీ గొంతు ఎవరూ ఎత్తుకెళ్ళలేదు," అన్నాను. అతను తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

రెండు రోజులకి నాన్న బోటు దిగి వచ్చాడు. నా చెయ్యి చూసి ఒకటే అడిగాడు: "జారిందా, జార్చాడా?" అన్న వచ్చి నాతో చెప్పింది చెప్పాను. ఆయన స్నానం కూడా చెయ్యకుండా, ఆ డీజిలు వాసనతోనే వసారా దాటి అటువైపు వెళ్ళాడు. అన్నగారి ఎదుట గొంతు పెంచడం ఆయనకదే మొదలు. మా ఇల్లు గట్టిగా మాట్లాడే ఇల్లు కనక నేను ప్రతి మాటా విన్నాను. "అన్నా, నా కూతురు ఏటి నేర్సుకోవాలో నాను సూసుకుంటాను. నువ్వు నీ కొడుకు గొంతు ఏటి సేసావో అది సూసుకో." 

నాటకం సగంలో ఉంది. రాయడానికి వేలు లేదు. అమ్మ మధ్యాహ్నాలు పని ముగించుకుని పీట లాక్కుని కూర్చునేది. నేను చెప్పేదాన్ని, ఆమె రాసేది. గుండ్రంగా, పెద్దగా, ఐదో తరగతి అక్షరాలు. కాసేపటికి రాయడం ఆపి నా వైపు చూసేది. "డింగీ నడిపే మనిషి 'నేను అంగీకరించను' అంటాదేటే?" అనేది. "మరేమంటుంది?" అంటే, "'ఒల్లను' అంటాది. అంతే," అనేది. నాకు కోపం వచ్చేది. పత్రికల్లో అలా రాయరే అనేదాన్ని. వాదించుకునేవాళ్ళం. కొన్ని ఆమె గెలిచింది, కొన్ని నేను. వాదన అయిపోయాక ఇద్దరం ఒకే గ్లాసు టీ పంచుకునేవాళ్ళం. అమ్మ మొహంలో అంత వెలుగు నేను వంటింట్లో ఎప్పుడూ చూడలేదు. ఆమెను ఎవరూ ఏదీ తేల్చుకోమని అడగలేదు. ఆమెకి మొదట్నుంచీ ఒక్కటే ఇచ్చారు.

పరీక్షలకి కలాన్ని బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి రాయడం నేర్చుకున్నాను. నెమ్మదిగా సాగేది. ప్రతి పేపర్లోనూ ఆఖరి ప్రశ్న మిగిలిపోయింది. సెకండ్ క్లాస్ వచ్చింది. పెదనాన్న ఫలితం విని, "ఆ కర్ర లేకపోతే ఫస్ట్ క్లాసే," అన్నాడు. నిజమే కావచ్చు. ఇన్నేళ్ళలో చాలామంది ఆ మాట నాతో వేరువేరు రకాలుగా అన్నారు. నాటకాల గొడవ లేకపోతే హెడ్మిస్ట్రెస్ అయ్యేదానివి. స్కూలు లేకపోతే పెద్ద రచయిత్రివి అయ్యేదానివి. ఇవన్నీ లేకపోతే పోటీలకి వెళ్ళేదానివి. అయ్యేదాన్నేమో. ఆ అయ్యే మనిషెవరో నాకు తెలియదు, ఆమెతో నాకు పని లేదు.

ఫలితాలు రాకముందే, పరీక్షలవగానే నాటకం వేశాం. వేలికి కట్టు ఇంకా ఉంది. వేషంలో భాగమనుకున్నారు. పాట రావలసిన చోట నేను ఆగాను. తెర వెనక ఎవరూ లేరు. ఆ పొద్దున్న బోటుకే పెదనాన్న అన్నని ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్ సైటుకి పంపేశాడు. వెళ్ళనని అన్న అనలేదు. నాకు పాట రాదు. పాటని మాటలుగా చెప్పేశాను. తరవాత కర్ర తీసుకుని, ఎడంచెయ్యి ముందు పెట్టి, నలుగురు మగ వేషాల మధ్య తిప్పాను. ముందు వరసలో నాన్నమ్మ చుట్ట ఆర్పేసి మరీ చూసింది. ఆ జెట్టీ మనిషి "ఒల్లను" అన్నప్పుడు హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక శబ్దం లేచింది. చప్పట్లు కాదు. ఊపిరి. అది నేను తరవాత ఎన్ని రాసినా మళ్ళీ వినలేదు.

తరవాత నేను బడిలో పిల్లలకి చరిత్ర చెప్పాను, నాటకాలూ కథలూ రాశాను, షాదీపూర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పెరట్లో ముందు ఇసక పోయించాను. నన్ను చేసుకున్నాయన ఆ ఇసక చూసి, "దీని మీద కుర్చీ వేసుకోవచ్చా?" అని మాత్రం అడిగాడు. దేనిలోనూ మొదటి వరసలో లేను. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పడుకునేటప్పుడు ఒళ్ళు, బుర్ర, మనసు మూడూ అలసిపోయి పడుకున్నాను, ఏ ఒక్కటీ ఆకలితో మిగల్లేదు. దీన్ని కొంచెం కొంచెం అనేవాళ్ళు అనుకోవచ్చు.

పైడిరాజన్న పెద్ద కాంట్రాక్టరు అయ్యాడు. మంచి కాంట్రాక్టరు. గట్టి గోడలు కట్టాడు. పెదనాన్న చనిపోయి ఏడాది తిరిగాక, ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి ఇసక గట్టు మీద కూర్చున్నాడు. చేతుల్లో టీ. "ఇప్పుడు ఎవరూ లేరుగా అన్నా, ఒక్కటి పాడు," అన్నాను. నవ్వాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. మొదటి మాట వచ్చింది, స్వరం రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఇంకోసారి. టీ చల్లారిపోయింది. "రాదులేవే. అది ఎల్లిపోనాది," అన్నాడు. మరెప్పుడూ నేను అడగలేదు. నేను పెదనాన్నని క్షమించాను, నా వేలు సంగతిలో. అన్న నోట పాట రాని ఆ ఆదివారం సంగతిలో క్షమించలేదు. క్షమించను కూడా.

ఇప్పటివాళ్ళు మమ్మల్ని చూసి అదృష్టవంతులు అంటారు, అప్పట్లో అన్నీ ఒకే పెరట్లో ఉండేవట. ఉండేవి, పెరట్లోకి రానిచ్చినవాళ్ళకి. ఇవాళ షాదీపూర్‌లో మా వీధిలోనే అద్దాలున్న జిమ్ము ఉంది, కోచింగ్ సెంటరు ఉంది, బొమ్మలు నేర్పే క్లాసు ఉంది. తలుపులు అందరికీ తీసే ఉన్నాయి. పిల్లల్ని మాత్రం ఒక గుమ్మంలోంచి లాగి ఇంకో గుమ్మంలోకి తోస్తున్నారు. పదో తరగతి రాగానే డాన్సు బంద్, పన్నెండు రాగానే ఆట బంద్. ఎవరి వేలూ విరగడం లేదు. అంత మెత్తగా జరిగిపోతోంది.

రెండేళ్ళ కిందట అన్న తన మనవరాలు మేఘనని తనే చెయ్యి పట్టుకుని మా పెరట్లోకి తీసుకొచ్చాడు. శీను కూతురు. క్లాసులో చురుకైన పిల్ల, చేతికి ఏ కాగితం దొరికినా బొమ్మలు వేస్తుంది. "దీనికి కర్ర కూడా ఇయ్యి," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. మోకాళ్ళు నొప్పి పుడుతున్నా ప్రతి ఆదివారం వచ్చి కూర్చుని చూసేవాడు.

పెద్దకర్మ అయిన తరవాతి ఆదివారం పొద్దున్నే మేఘన ఎప్పటిలాగే వచ్చింది. వెనకే స్కూటర్ మీద శీను. హెల్మెట్ తియ్యకుండానే మొదలెట్టాడు. "అత్తా, ఈ సంవత్సరం ట్వెల్త్. డాక్టర్ సీటు అంటే ఖేల్ కాదు. బొమ్మలూ కర్రా రెండూ ఆపించేద్దాం. ఒక్క సంవత్సరం. నువ్వు చెప్తే వింటుంది."

"నేను చెప్పను," అన్నాను.

"మార్కులు తగ్గితే?"

"తగ్గొచ్చు. నాకు తగ్గాయి. దాని బతుకు, దాన్ని అడుగు. నన్ను అడక్కు."

అతను కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల అప్పటికే బస్కీలు ముగించి చెమట తుడుచుకుంటోంది. "చదువుతాను పప్పా. ఇవీ చేస్తాను," అంది, గొంతు పెంచకుండా. "ఇంకేమైనా ఉంటే ఇంటికొచ్చి మాట్లాడతాను. అభీ నహీఁ. ఇప్పుడాగితే ఒళ్ళు చల్లబడిపోతుంది."

శీను అక్కడే నిలబడ్డాడు. నేను చెప్పులు విప్పి ఇసకలోకి దిగి, ఆ పిల్లకి ఎదురుగా కర్ర ఎత్తాను.